ఉద్దెర ఎవరిస్తారు?

స్టార్టప్ పెట్టాలనుకునే పిల్లలు వచ్చి పెట్టుబడి ఎక్కడ దొరుకుతుందని అడుగుతుంటారు. నీకు ఉద్దెర ఇచ్చేవాళ్లు ఎవరున్నారని నేను అడుగుతాను. చాలామంది తెల్లమొహం వేస్తారు. ఏ వ్యాపారానికైనా మొదటి ఏడాది గట్టెక్కేది ఆ మనుషుల వల్లే. ఈ సంగతి నాకు బాగా తెలిసొచ్చింది వరంగల్ పక్కన మడికొండలో, సాంచల (మరమగ్గాల) షెడ్ల మధ్య.

1934లో మొదలైన ఆజంజాహి మిల్లు వరంగల్‌కు అన్నం పెట్టింది. మగ్గం కూడు పెట్టక, చివరికి మిల్లూ మూతపడి, ఇక్కడి నేతకార్మికులు ఎందరో సూరత్, భివండి, సోలాపూర్ బాట పట్టారు. ఏళ్ల తరబడి అక్కడ సేఠ్ల సాంచల మీద పనిచేసి తిరిగొచ్చిన కొందరు మడికొండ టెక్స్‌టైల్ పార్కులో సొంత షెడ్లు వేసుకున్నారు. వాళ్లను ఎవరూ స్టార్టప్ ఫౌండర్లని పిలవరు. నా లెక్కలో ఈ ఊరి అసలైన ఫౌండర్లు వాళ్లే.

ఒక షెడ్డులో ఆసామితో మాట్లాడుతున్నాను. సాంచల మోతకు నాకు ఆయన మాటే సరిగ్గా వినబడడం లేదు. ఆయన మధ్యలో లేచి, లోపలి వరుసలో ఒక సాంచ ఆపి, పానాతో బోల్టు బిగించి వచ్చాడు. "నాడె దెబ్బ తేడాగా పడుతుంది సార్, ఇనబడలే?" అన్నాడు. సూరత్‌లో రాత్రి షిఫ్టులు చేసిన చెవులవి. సెకండ్ హ్యాండ్ సాంచ కొనేటప్పుడు ఏది ఆడుతుందో ఏది మూలన పడుతుందో చెప్పేదీ ఆ చెవులే. అక్కడే లక్షలు మిగులుతాయి.

నూలు సంగతి ఇంకా పెద్దది. కొత్తవాడు నూలు కావాలంటే వ్యాపారి రొక్కం అడుగుతాడు. ఈయనకు సూరత్ సేఠు ఫోన్ మీదే సరుకు ఎక్కించాడు. ఏళ్ల పాటు వేళకు పనికొచ్చిన మనిషిని కళ్లారా చూసినవాడికి వేరే జమానతు ఎందుకు? పైగా ఈయన బామ్మర్ది ఇప్పటికీ అక్కడే ఉన్నాడు, మాట తప్పితే తలెత్తుకోలేడు. బ్యాంకు వాళ్లు భూమి కాగితాలు అడిగిన చోట ఈ పరిచయమే పని చేసింది.

పెద్ద కంపెనీల కథా ఇదే. ఇస్రోలో పనిచేసిన పవన్‌కుమార్ చందన, నాగభరత్ డాకా 2018లో హైదరాబాద్‌లో స్కైరూట్ అనే రాకెట్ కంపెనీ పెట్టారు. రాకెట్ ఇంకా కాగితం మీదే ఉండగా మింత్రా స్థాపకుడు ముకేశ్ బన్సల్ డబ్బు పెట్టారు. 2021లో గ్రీన్‌కో స్థాపకులు అనిల్ చలమలశెట్టి, మహేశ్ కొల్లి ముందుకొచ్చారు. ఇస్రోలో పండిన నిపుణులు తోడయ్యారు. 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచి వాళ్ల రాకెట్ విక్రమ్-ఎస్ ఎగిరింది. అంత దూరం రావడానికి ఇస్రోలో పనిచేసిన ఏళ్లే వాళ్లకు పూచీ.

మరి ఏ సేఠూ, ఏ ఇస్రో తెలియని పిల్లల గతేమిటి? తండ్రి కూలీ, తల్లి బీడీలు చుట్టే ఇంటి నుంచి వచ్చిన అమ్మాయికి ఫోన్‌లో ఎవరి నంబరుంటుంది? నన్ను తొలిచే ప్రశ్న ఇది. నిజామాబాద్ జిల్లావాడైన ఫణీంద్ర సామ 2006లో స్నేహితులతో కలిసి రెడ్‌బస్ పెట్టినప్పుడు ఆయన టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో ఇంజినీరు. బస్సుల వ్యాపారంలో అనుభవం సున్నా. బెంగళూరులో టై (TiE) అనే వ్యాపారవేత్తల సంస్థ సలహాదారులు చేయి పట్టుకుని నడిపించారు. పరిచయాలు లేనివాళ్లకు పరిచయాలు అరువివ్వడమే ఇంక్యుబేటర్ల మొదటి పని. ఏసీ గదులు, కుర్చీలు ఆ తర్వాత.

మన హసన్‌పర్తి దగ్గర ఎస్.ఆర్. యూనివర్సిటీలో అలాంటి కేంద్రం ఉంది. మడికొండలోనే ఐటీ పార్కు కూడా ఉంది. అక్కడి కుర్రాళ్లు సాంచల షెడ్లోకి రావాలి, ఆసాములు వాళ్ల గదుల్లోకి వెళ్లాలి. ఎందుకంటే నూలిచ్చిన ఆ సేఠు పరిచయానికి ఒక ముడి కూడా ఉంది. నూలు ఆయనదే, నేసిన బట్టా ఆయనకే. ఆసామికి మిగిలేది మీటరుకింత కూలి. సొంతంగా బట్ట అమ్ముకోవాలంటే యూనిఫాంలు కుట్టించే వాళ్లు, రెడీమేడ్ కంపెనీల కొనుగోలుదారులు తెలియాలి. సూరత్‌లో ఎన్నేళ్లు పనిచేసినా వాళ్లెవరూ ఆయనకు తగలలేదు. ఆ కొనుగోలుదారులను మడికొండ దాకా తీసుకురాగలిగిన వాళ్లు ఈ ఊళ్లోనే ఉన్నారు, వరంగల్ నిట్ పూర్వ విద్యార్థుల్లోనే ఎందరో ఉంటారు. ఈ కాలమ్ చదివేవాళ్లలో అలాంటి వాళ్లుంటే, ఒక ఆదివారం షెడ్ల వైపు రండి. నేను తోడొస్తాను.