పేరు మిగిలితే ఆట మిగిలినట్టేనా? పాత ఆటల పరిరక్షణపై ఒక విమర్శ

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• పాత ఆటను భద్రపరచడానికీ, దానిని బతికించడానికీ మధ్య ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• ఆటల గురించి సాహిత్యంలో, చరిత్ర గ్రంథాల్లో దొరికే ఆధారాల బలాన్నీ పరిమితినీ అంచనా వేయగలుగుతారు.
• మీ ఊరి ఆట ఒకదాన్ని ఇతరులు చదివి ఆడగలిగేలా రాయగలుగుతారు.

1. పరిచయం

ఘనపూర్ అనే పేరుతో మన ప్రాంతంలో ఒకటికి మించి ఊళ్లున్నాయి. కాజీపేట–సికింద్రాబాద్ రైలు మార్గం మీద, జనగామ జిల్లాలో ఉన్నది స్టేషన్ ఘనపూర్. జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో కోటగుళ్లు ఉన్నది ఘనపూర్ (ములుగు). దానినే గణపురం అని కూడా అంటాం. కోటగుళ్లు కాకతీయుల కాలం నాటివి. వాటికి దగ్గరలోనే ఉన్న పాలంపేట రామప్ప గుడి 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఇక స్టేషన్ ఘనపూర్ ఉన్న జనగామ జిల్లాలోనే పాలకుర్తి ఉంది. కాకతీయుల కాలం నాటి కవి పాల్కురికి సోమనాథుని పేరు ఆ ఊరితో ముడిపడి ఉంది.

ఇప్పుడు ఒక చిన్న ప్రశ్న వేసుకోండి. కోటగుళ్లు కడుతున్న రోజుల్లో ఆ పక్కన పిల్లలు ఏం ఆడుకుని ఉంటారు? రాళ్లు ఈ ప్రశ్నకు జవాబు చెప్పవు. సోమనాథుని ద్విపద కావ్యాల్లో ఆటల పేర్లు కనిపిస్తాయి. కానీ ఆ ఆటలు ఎలా ఆడాలో అక్కడ లేదు. రాయి ఎనిమిది వందల ఏళ్లు నిలిచింది, పేరు కూడా నిలిచింది, ఆట నిలవలేదు.

ఈ పాఠంలో 'పాత ఆట' అన్న మాటను విశాలమైన అర్థంలో వాడుతున్నాం. వామనగుంటలు, పులిమేక, దాడి, అష్టాచెమ్మా మాత్రమే కాదు, 1990లలో టీవీకి తగిలించుకుని ఆడిన వీడియో గేములు కూడా ఇప్పుడు పాత ఆటలే. రెండు రకాల ఆటలకూ అభిమానులున్నారు, సేకరించేవారున్నారు. వారి శ్రమను తక్కువ చేయడం మన ఉద్దేశం కాదు. ఆ శ్రమ ఎక్కడ ఆగిపోతున్నదో గుర్తించడమే మన పని.

2. జాబితా చేసే మేలు, చేయలేని మేలు

తెలుగువారి ఆటల చరిత్రకు మనం మొదట తెరవవలసిన పుస్తకం సురవరం ప్రతాపరెడ్డి రాసిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' (1949). రాజుల యుద్ధాలను పక్కన పెట్టి జనం తిండి, బట్ట, వినోదం, నమ్మకాల గురించి రాయడమే అప్పటికి పెద్ద సాహసం. కావ్యాల్లో చెదురుమదురుగా ఉన్న ఆటల పేర్లను ఆయన ఒక్కొక్కటిగా ఏరి, ఆయా కాలాల కింద పేర్చారు. కొన్ని ఆటలను తన కాలంలో ఆడుతున్న వాటితో పోల్చి గుర్తించగలిగారు. మరికొన్నింటి దగ్గర పేరుతోనే ఆగిపోవలసి వచ్చింది.

ఈ ఆగిపోవడం సురవరం లోపం కాదు. ఆయన చేతికి అందిన ఆధారం అలాంటిది. కవికి ఆటల పేర్లు వర్ణనకు అవసరమయ్యాయి. తన శ్రోతలకు ఆ ఆటలన్నీ తెలుసు కాబట్టి వివరణ అక్కరలేకపోయింది. అందరికీ తెలిసినదాన్ని ఎవరూ రాసిపెట్టరు. తెలిసినవారు పోయాక మిగిలేది పేరు ఒక్కటే. పాత ఆటల విషయంలో మనం మొదట నేర్చుకోవలసిన పాఠం ఇదే.

అయితే మన తరువాతి పరిశోధకులు, అంటే నాబోటివాళ్లు, ఈ పాఠం నేర్చుకోలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో జానపద క్రీడల సేకరణకు నేను స్టేషన్ ఘనపూర్ పరిసరాల్లో తిరిగాను. ఒక ఇంటి అరుగు మీద ఒక ముసలమ్మ మనవరాలితో వామనగుంటలు ఆడుతున్నది. నేను పుస్తకం, కలం తీశాను. ఆమె నన్ను చూసి, "ఆడుతవా సారూ, రాసుకుంటవా?" అని అడిగింది. రాసుకుంటానన్నాను. గుంటలు పద్నాలుగు అని రాశాను, చింతగింజలు అని రాశాను, పీట కొలతలు రాశాను. ఒక గుంటకు ఆమె వాడిన పేరు కూడా రాశాను. ఆ గుంట ఆటలో చేసే పని ఏమిటో మాత్రం రాయలేదు. పదవీ విరమణ తరువాత ఆ పుస్తకం తీసి చూస్తే ఆ ఆట ఆడడానికి పనికివచ్చే వాక్యం అందులో ఒక్కటీ లేదు. అడుగుదామంటే ఆమె లేదు. ఆ రోజు కూర్చుని ఒక్క ఆట ఆడి ఉంటే నాకు ఆ నియమం తెలిసేది.

3. ఆట నిలవడానికి మూడు ఆధారాలు

ఒక ఆట నిలవాలంటే మూడు ఉండాలి: వస్తువు, నియమం, బృందం.

వస్తువు అంటే పీట, గవ్వలు, గింజలు, గళ్లు. మన ఆటల్లో ఇది చాలా తేలికైన భాగం. పీట లేకపోతే నేలలో గుంటలు తీస్తాం. గవ్వలు లేకపోతే చింతగింజలను ఒకవైపు అరగదీసి వాడతాం. పులిమేకకు సుద్దముక్క, గులకరాళ్లు చాలు.

నియమం అంటే ఆట నడిచే పద్ధతి. వామనగుంటల్లో గింజలను ఒక్కో గుంటలో ఒక్కోటి చొప్పున పంచుకుంటూ పోవడం, ఖాళీ గుంట ఎదురైతే దాని అవతలి గుంటలోని గింజలు గెలుచుకోవడం సాధారణ పద్ధతి. కానీ మొదట గుంటకు ఎన్ని గింజలు వేయాలి, ఓడినవారు తరువాతి ఆట ఎలా మొదలుపెట్టాలి అన్నవి ఊరూరికీ మారతాయి. పేర్లూ మారతాయి. ఒక చోట బిళ్లంగోడు అయినది మన వైపు చిర్రగోనె.

బృందం అంటే ఆడేవారు, పక్కన నిలబడి చూసేవారు, తగాదా వస్తే తీర్పు చెప్పేవారు. నియమం నిజంగా ఉండేది వీరి దగ్గరే. పుస్తకంలో లేని సందర్భం ఆటలో వచ్చినప్పుడు "మన దగ్గర ఇట్లనే ఆడుతరు" అని చెప్పే మనిషి కావాలి.

ఇప్పుడు జరుగుతున్న పరిరక్షణను ఈ కొలతతో చూడండి. అందమైన చెక్కపీటలు ప్రదర్శనల్లో అమ్ముడవుతున్నాయి. వాటిలో చాలావరకు ఇంటి గోడకు, అద్దాల బీరువాకు చేరుతున్నాయి. వస్తువు మిగిలింది. నియమం అట్టపెట్టెలో ఒక కాగితంగా మిగిలింది. బృందం లేదు. మనం శ్రద్ధ పెడుతున్నది సులభంగా దొరికే వస్తువు మీద, పట్టించుకోనిది దొరకడం కష్టమైన మనుషులను.

4. తెర మీది ఆటలకూ ఇదే గతి

ఇది పల్లె ఆటలకే పరిమితమైన సమస్య అనుకోకండి. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ వంటి ఆటలు మన దేశంలో చాలామందికి 1990లలో, అసలు యంత్రానికి నకళ్లయిన చవక యంత్రాల ద్వారా పరిచయమయ్యాయి. ఆ క్యాసెట్లు పాడయ్యాయి, ఆ టీవీలు పోయాయి. అమెరికాలో 2010కి ముందు విడుదలైన వీడియో గేముల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్‌లో కొనడానికి దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో వెల్లడించిన అధ్యయనం చెబుతున్నది. పుట్టి యాభై ఏళ్లు దాటీ దాటని కళ అప్పుడే ఈ స్థితికి వచ్చింది.

ఇక్కడ అభిమానుల బృందాలు చేసిన పని గమనించదగినది. 1997లో మొదలైన 'మేమ్' అనే సాఫ్ట్‌వేర్ పాత ఆర్కేడ్ యంత్రాల పనితీరును నేటి కంప్యూటర్ మీద తిరిగి నడిపిస్తుంది. దాని నిర్మాతలు తమ లక్ష్యం ఆడించడం కాదనీ, యంత్రం ఎలా పనిచేసిందో నమోదు చేయడమనీ చెబుతారు. ఆట సరిగ్గా ఆడగలిగితే ఆ నమోదు సరైనదని రుజువు. అలాగే ఫ్లాష్ సాఫ్ట్‌వేర్‌కు 2020 డిసెంబరు 31తో అడోబీ సంస్థ మద్దతు ఆగిపోతుందని తెలిసి, అంతకు ముందు నెలలోనే ఇంటర్నెట్ ఆర్కైవ్ 'రఫుల్' అనే సాధనంతో ఎన్నో ఫ్లాష్ ఆటలను, బొమ్మల చిత్రాలను నడిచే స్థితిలో నిలబెట్టింది. 'నడిచే స్థితిలో' అన్న మాట కింద గీత గీసుకోండి. నా పుస్తకంలో లేనిది అదే.

5. జ్ఞాపకం బలమా, బలహీనతా?

పాత ఆటల అభిమానులు కూడినచోట తరచు వినిపించే మాట "మా కాలంలో". ఈ మాట మనుషులను ఒకచోట చేర్చగలదు, కానీ ఎక్కువ కాలం నిలపలేదు. ఒకే తరం జ్ఞాపకం మీద నడిచే బృందం ఆ తరంతోనే ముగుస్తుంది. కొత్తగా వచ్చిన పదిహేనేళ్ల పిల్లకు మీ బాల్యం అక్కరలేదు, ఆమెకు ఆట కావాలి. ఆమె తప్పు ఎత్తు వేసినప్పుడు నవ్వితే మళ్లీ రాదు. కొత్త నియమం ఒకటి సూచించినప్పుడు "అసలు పద్ధతి ఇది కాదు" అని కొట్టిపారేస్తే కూడా రాదు. అసలు పద్ధతి అన్నదే ఊరూరికీ మారిందని పైన చూశాం.

జ్ఞాపకం మరొక పని కూడా చేస్తుంది: అసౌకర్యమైనదాన్ని దాచిపెడుతుంది. "ఊరంతా కలిసి ఆడుకునేవాళ్లం" అని రాసేవారు ఏ అరుగు మీద ఎవరికి కూర్చునే వీలుండేదో రాయరు. ఆడపిల్లలు పెద్దమనిషి అయ్యాక వీధి ఆటలు మానవలసి వచ్చేదనీ, వామనగుంటలూ గచ్చకాయలూ ఇంటి లోపల ఎక్కువగా నిలవడానికి అదీ ఒక కారణమనీ చెప్పరు. పాత ఆటను తిరిగి తేవడం అంటే పాత అడ్డుగోడలను తిరిగి తేవడం కాకూడదు. కాబట్టి విమర్శకుడు అడగవలసిన మొదటి ప్రశ్న ఆట ఎంత పాతదని కాదు, ఇప్పుడు ఆ ఆటలోకి ఎవరికి ప్రవేశం ఉన్నదని.

6. ప్రాసంగికత అంటే అమ్ముడుపోవడం కాదు

పాత ఆట నేటికి పనికివస్తుందా? పచ్చీసును చూడండి. ఇంగ్లండులో 1896లో పేటెంటు పొందిన లూడో దాని నుంచి పుట్టినదే. గవ్వల స్థానంలో పాచిక వచ్చింది, నియమాలు తేలికపడ్డాయి. 2020 లాక్‌డౌన్‌లో మన ఇళ్లలో ఫోన్ల మీద ఆడినది ఆ లూడోనే. ఆట బతికింది, కానీ చాలామందికి దాని పుట్టిల్లు గుర్తులేదు. ఇది నష్టమే అయినా పూర్తి నష్టం కాదు. ఆడుతున్న ఆటకు చరిత్ర తరువాతనైనా చెప్పుకోవచ్చు. ఆడని ఆటకు చరిత్ర మాత్రమే మిగులుతుంది.

మరొక దారి కూడా ఉంది. దాడిలో మూడు చతురస్రాలు, 24 స్థానాలు, ఒక్కొక్కరికి తొమ్మిది కాయలు. ఇదే పటం ఐరోపాలోనూ ఉంది. ఇద్దరూ తప్పు చేయకుండా ఆడితే ఆ ఆట సమంగా ముగుస్తుందని రాల్ఫ్ గాసర్ 1993లో కంప్యూటర్‌తో తేల్చాడు. మన పులిమేకలో మూడు పులులు, పదిహేను మేకలు. పులి దూకి మేకను చంపగలదు. మేక ఎవరినీ చంపలేదు. మేకలు గెలిచే మార్గం ఒకటే, పులులకు కదలడానికి చోటు లేకుండా కలిసి నిలబడడం. నాలుగు పులులు, ఇరవై మేకల నేపాలీ బాగ్‌చాల్ దీనికి బంధువే. తర్కం బోధించే ఉపాధ్యాయునికి, సంఘటిత శక్తి గురించి చెప్పే సామాజికశాస్త్ర అధ్యాపకునికి ఇంతకంటే చవకైన బోధనోపకరణం దొరకదు.

ప్రాసంగికత అంటే ఇది. ఆటకు డబ్బు పందెం అంటించి జనాన్ని రాబట్టడం ప్రాసంగికత కాదు. పందెం కట్టిన ఆటలో కొత్తవాడికి నేర్చుకునే తీరిక ఉండదు, ఓడిపోయే ధైర్యం ఉండదు. ఆ రెండూ లేని చోట బృందం పెరగదు.

7. మీరు చేయదగిన పని

పరీక్ష ఒకటే, సులభమైనది. మీ ఊరి ఆట ఒకటి ఎంచుకోండి. ముందు పెద్దవారితో కూర్చుని ఆడండి. కనీసం రెండుసార్లు ఓడిపోండి. తరువాత నియమాలు రాయండి: ఎవరు మొదలుపెడతారు, ఏ ఎత్తు చెల్లదు, తగాదా వస్తే ఎలా తీర్చుకుంటారు, ఆట ఎప్పుడు ముగుస్తుంది. పక్క ఊరిలో తేడా ఉంటే ఆ తేడాను తప్పుగా కాక మరో పద్ధతిగా రాయండి. ఆటలో వాడే మాటలను వారు పలికినట్టే రాయండి. ప్రతి మాటకూ ఆటలో దాని పని ఏమిటో పక్కనే రాయండి.

చివరగా ఆ కాగితాన్ని ఆ ఆట ఎన్నడూ చూడని ఇద్దరి చేతికి ఇచ్చి మీరు మౌనంగా కూర్చోండి. మిమ్మల్ని ఏమీ అడగకుండా వారు ఆట పూర్తి చేయగలిగితే మీరు దానిని భద్రపరిచినట్టు. వారు మరునాడు మరొకరిని వెంటబెట్టుకుని వస్తే ఆట బతికినట్టు.

సమీక్ష

కావ్యాలు ఆటల పేర్లను కాపాడాయి. చరిత్రకారులు ఆ పేర్లను క్రమంలో పెట్టారు. నియమం, బృందం లేనిదే ఆట నిలవదు. వామనగుంటలకూ వీడియో గేములకూ ఈ సూత్రం ఒకటే. జ్ఞాపకం పాతవారిని కలుపుతుంది. కొత్తవారిని చేర్చుకోవడమే ఆటను ముందుకు నడుపుతుంది.

అవగాహనను పరీక్షించుకోండి

1. 'అందరికీ తెలిసినదాన్ని ఎవరూ రాసిపెట్టరు' అన్న వాక్యాన్ని మీ ప్రాంతపు ఉదాహరణతో చర్చించండి.
2. పచ్చీసు లూడోగా మారడం లాభమా, నష్టమా? మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.
3. ఈ పాఠ రచయిత తన సేకరణలో చేసిన తప్పు ఏమిటి? పీట కొలతలు రాసి నియమం రాయకపోవడానికి ఏ దృష్టి కారణమై ఉంటుంది?
4. మీ ఇంట్లోని పెద్దలను అడిగి ఒక ఆట నేర్చుకుని, దాని నియమాలను రెండు పుటలకు మించకుండా రాయండి. ముందు ఆడండి, తరువాత రాయండి.