లైను తెగినా పోని ఉత్తరం

మెయిల్ సర్వర్‌లో ఉన్న ఉత్తరాన్ని మన కంప్యూటర్‌కు తెచ్చే పద్ధతుల్లో పోస్ట్ ఆఫీస్ ప్రోటోకాల్ చాలా పాతది, చాలా చిన్నది. దీన్ని పొట్టిగా పాప్ అంటారు. 1984లో జాయిస్ రెనాల్డ్స్ మొదటి రూపం రాశారు. 1988లో మార్షల్ రోజ్ మూడో రూపం ఇచ్చారు. 1996 మేలో జాన్ మైయర్స్, రోజ్ కలిసి దాన్ని సానబెట్టారు. ఆ ఇరవై పైచిలుకు పేజీల పత్రమే నేటికీ ప్రమాణం. అంత తక్కువ మాటల్లో అంత ముందుచూపు ఇమిడిన రచనలు అరుదు.

డల్లాస్‌లో ఉన్న కొడుకు తుళ్లూరులోని తండ్రికి 'అమరావతి' అనే ఒక్క మాట రాసి పంపాడనుకుందాం. తండ్రి కంప్యూటర్ సర్వర్ తలుపు తడుతుంది. మామూలు తలుపు 110, గుప్తలిపి రక్షణ ఉన్నది 995. పేరు, పాస్‌వర్డ్ చెప్పగానే సర్వర్ పెట్టెకు తాళం వేస్తుంది. ఆ సంభాషణ ముగిసేదాకా ఇంకెవరూ ఆ ఉత్తరాలను కదపలేరు. తర్వాత స్టాట్ అనే ఆజ్ఞకు ఉత్తరాలెన్నో, మొత్తం ఎన్ని బైట్లో జవాబు వస్తుంది. లిస్ట్ అంటే ఒక్కో ఉత్తరం సైజు చెబుతుంది. గుంటూరు మిర్చి యార్డులో కాటా పడ్డాకే టిక్కీలు కదిలినట్టు, ఇక్కడా ముందు లెక్క, ఆ తర్వాతే సరుకు. రెటర్ అన్నాక అసలు ఉత్తరం బయల్దేరుతుంది.

ఉత్తరం అయిపోయిందని తెలిసేదెలా? చుక్క ఒక్కటే ఉన్న వరుస వస్తే అదే ముగింపు. మరి రాసిన మనిషే ఒక వరుసలో చుక్క పెడితే? చుక్కతో మొదలయ్యే ప్రతి వరుసకూ సర్వర్ ముందు ఇంకో చుక్క చేరుస్తుంది, అందుకున్న ప్రోగ్రామ్ దాన్ని తీసేస్తుంది. రాసినవారి చుక్క రాసినట్టే చేరుతుంది. ఈ చిన్న జాగ్రత్తలో నాకు గొప్ప పనితనం కనిపిస్తుంది.

ఇంగ్లిష్ అక్షరాల కోసమే పుట్టిన ఈ దారిలో తెలుగు ఎలా నడుస్తుంది? యూనికోడ్ లెక్కలో 'అమరావతి'కి గుణింతపు గుర్తులతో కలిపి ఏడు సంకేతాలు. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి మూడు బైట్లు, మొత్తం 21. బేస్64 పద్ధతి ప్రతి మూడు బైట్లనూ నాలుగు మామూలు గుర్తులుగా మారుస్తుంది కనుక 28 గుర్తులు ప్రయాణిస్తాయి. తుళ్లూరులో అవి మళ్లీ మన అక్షరాలవుతాయి. నడిమధ్య సర్వర్‌కు తెలుగు రాకపోయినా అక్షరం చెడదు.

అన్నిటికన్నా నన్ను కట్టిపడేసేది చెరిపే పద్ధతి. డిలీ అనే ఆజ్ఞ ఇచ్చినా సర్వర్ ఉత్తరాన్ని వెంటనే చెరపదు, గుర్తు మాత్రమే పెట్టుకుంటుంది. ప్రోగ్రామ్ క్విట్ అని సెలవు తీసుకున్నాకే నిజంగా చెరుపుతుంది. ఈలోపు లైను తెగితే ఒక్క ఉత్తరాన్నీ తీసేయకూడదని ప్రమాణం శాసిస్తుంది. మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న. టెలిఫోన్ తీగకు మోడెమ్ తగిలించి, మధ్యలో లైను కట్ అయితే మళ్లీ డయల్ చేసినవారికి ఈ నియమం విలువ చెప్పనక్కర్లేదు. ఒకే ఉత్తరం రెండుసార్లు రావచ్చు గానీ, అసలు రాకుండా పోకూడదన్నది రూపకర్తల నిర్ణయం. ఆ రెండో రాకను కూడా ఆపడానికి యూఐడీఎల్ అనే ఆజ్ఞ ఒక్కో ఉత్తరానికీ చెక్కుచెదరని గుర్తింపు ఇస్తుంది.

ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ ఒకే పెట్టె చూసుకునేవారికి, 1986లో మార్క్ క్రిస్పిన్ ఆరంభించిన ఐమ్యాప్ తగినది; అందులో ఉత్తరాలు సర్వర్‌లోనే ఉంటాయి. తన ఉత్తరాలు తన దగ్గరే ఉండాలనుకునేవారికి మాత్రం పాప్ ఇప్పటికీ మంచి సాధనం. వాడేవారు సెట్టింగుల్లో 995 ఎంచుకోండి, 'సర్వర్‌లో ఒక ప్రతి ఉంచు' అన్న గడిలో టిక్కు పెట్టండి.