పీవై 88 ఎక్కడిది?

బళ్ళారిలో ఈమధ్య తెరిచిన ఒక హోటల్లో పాత టీవీ పెట్టెలో చేపలు తిరుగుతున్నాయి. నాలుగు కాళ్ళ కొయ్య పెట్టె, అటూ ఇటూ జరిపే షట్టరు తలుపులు, చానల్ తిప్పే లావుపాటి నాబు, అన్నీ అలాగే ఉన్నాయి. పిక్చర్ ట్యూబు ఉండాల్సిన చోట మాత్రం నీళ్ళు, రంగురంగుల గులకరాళ్ళు. జనం దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నారు. నాకు దోసె సహించలేదు.

ఈ కాలమ్ ఓపిగ్గా చదివేవాళ్ళకు నా పాట తెలిసిందే. పాతకాలపు వస్తువు గట్టిది, చెడితే బాగుచేసి వాడుకోవాలి, పారేసి కొత్తది కొనడం వట్టి సోమరితనం. మిక్సీ మీద రాశాను, గొడుగు మీద రాశాను, కుట్టుమిషను మీద రాసినప్పుడు ఇక చాలించమని ఉత్తరాలు కూడా వచ్చాయి. (బళ్ళారి అనగానే రాఘవ గురించీ ధర్మవరం రామకృష్ణమాచార్యుల గురించీ రాయమనే మిత్రులకు మనవి: ఈ వారమూ నాటకాలు లేవు.)

ఆ కోపంలోనే రూపనగుడి వెళ్ళాను. మా మేనమామ ఇంటి అటక మీద సరిగ్గా అలాంటి టీవీయే ఉంది. ఇరవై అంగుళాల నలుపు తెలుపు ట్యూబు, లోపల సగం ట్రాన్సిస్టర్లు, సగం వాల్వులు. దాన్ని నడిపించి చూపించాలన్న పంతం పట్టింది నాకు.

ఆ టీవీ కథ వేరు. 1977 అక్టోబరు 23న హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రాన్ని రాష్ట్రపతి హోదాలో మన ఇల్లూరు నీలం సంజీవరెడ్డిగారే ప్రారంభించారు. ఆ తర్వాత హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా బంధువు కొన్నాడు ఆ టీవీని. 1982లో ఆసియా క్రీడలతో దేశంలోకి రంగు బొమ్మ వచ్చేసరికి ఆయనకు ఇది వెలిసిపోయినట్టు కనిపించింది. మా మామ సగం ధరకు కొని, బోదగడ్డి మధ్య పెట్టి లారీలో తెచ్చాడు. తెచ్చాక తెలిసింది, మా ఊళ్ళో బొమ్మ రాదని! హైదరాబాద్ ఎక్కడ, రూపనగుడి ఎక్కడ? 1981లో మొదలైన బెంగళూరు కేంద్రమూ అంతే దూరం. అయినా సాయంత్రాలు షట్టరు తెరిచి టీవీ పెట్టేవాడు. తెర నిండా చుక్కలు, బుస్సుమని మోత. ఊరు ఊరంతా వచ్చి ఆ చుక్కలు చూసి వెళ్ళేది. 1984లో దేశమంతటా చిన్న ట్రాన్స్‌మిటర్లు వరసగా పెట్టుకుంటూ పోయారు. ఒక్కొక్కటీ నూరు వాట్లు, మహా అయితే పాతిక కిలోమీటర్లు. ఆ తర్వాతే మాకు చుక్కల్లోంచి మనుషులు కనిపించడం మొదలైంది.

కనిపించిన మనుషులు హిందీ మాట్లాడారు. మేము 1953 అక్టోబరు 1న మైసూరు రాష్ట్రంలోకి వెళ్ళినవాళ్ళం, ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. మూడోదానికి మా అవ్వ ఏమీ జంకలేదు. 1987 జనవరిలో ఆదివారం పొద్దున రామాయణం మొదలైతే, తెర మీద మాట పూర్తి కాకముందే తాత్పర్యం చెప్పేసేది. ఆమెకు తెలియని కథా అది? చిక్కల్లా ఓల్టేజీతోనే. బావుల దగ్గర మోటార్లు నడుస్తుంటే ఇళ్ళకు వచ్చే కరెంటు నీరసించి, బొమ్మ నాలుగు పక్కలా లోపలికి ముడుచుకునేది. హనుమంతుడు లంకకు దూకే వారం మా మామ ముందు రోజే చేలవాళ్ళ దగ్గరికి తిరిగి, ఆ గంటసేపు పంపుసెట్లు ఆపించాడు. సముద్రం ఆ వేళ తెర నిండా వచ్చింది. శుక్రవారం చిత్రలహరి కోసం మాత్రం పొడుగాటి గొట్టానికి యాంటెన్నా కట్టి, బూస్టర్ తగిలించి, ఆంధ్ర దిక్కుకు తిప్పేవాళ్ళం. మిద్దె మీద ఒకడు, వాకిట్లో ఒకడు, టీవీ ముందు ఒకడు. గాలి ఎటు ఉంటే పాట అటు.

ఇదంతా నడిపించినవాడు మా రేడియో మేస్త్రీ. గొడుగు వ్యాసంలో గొడుగు చువ్వకు టంకం పెట్టినాయన ఈయనే. ఇప్పుడు చూపు మందగించింది, చెయ్యి మాత్రం వణకదు. మనవణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు.

టీవీని వెంటనే ప్లగ్గులో పెట్టలేదు. వెనక అట్ట విప్పి దుమ్ము దులిపాడు. పొడుగాటి స్క్రూడ్రైవరుకు ఒక తీగ చుట్టి, దాని రెండో కొసను ట్యూబు నల్లపూతను ఆనుకుని ఉండే ఎర్తుకు తగిలించి, ట్యూబు వీపున ఉన్న రబ్బరు టోపీ కిందికి మొన దూర్చాడు. టీవీ నడిచేటప్పుడు అక్కడ 15 వేల వోల్టుల పైచిలుకు ఉంటుంది. ఆపాక కూడా ట్యూబు గాజు ఆ ఛార్జిని పట్టుకుని కూచుంటుంది. అటకెక్కి ఏళ్ళయినదాంట్లో ఏం మిగిలుంటుందని అంటే, "అలవాటు తప్పగూడదు సామీ" అన్నాడు. ఇలాంటి సెట్లలో చాసిస్ ఇనుమే కరెంటు తీగకు నేరుగా తగిలి ఉంటుంది. రెండు కాళ్ళ ప్లగ్గు తిరగేసి పెడితే ఇనుమంతా ఫేజే. టెస్టర్ ఆనించి చూశాకే వేలు పెట్టేవాడు.

తర్వాత సిరీస్ బల్బు. నూరు వాట్ల బల్బు గుండా టీవీకి కరెంటు ఇస్తే, లోపల షార్టు ఉన్నప్పుడు బల్బు వెలుగుతుంది, టీవీ కాలదు. ధగధగా వెలిగింది. ఫిల్టరు కండెన్సరు పోయింది. అది మార్చాక బల్బు ఒకసారి మెరిసి ఆరింది గాని, వాల్వుల్లో ఒక్కటీ ఎర్రబడలేదు. వాటి ఫిలమెంట్లు పెళ్ళిపందిరి సీరియల్ బల్బుల్లా ఒకే వరసలో ఉంటాయి. ఒకటి తెగితే అన్నీ చీకటే. పిక్చర్ ట్యూబు ఫిలమెంటు కూడా ఆ వరసలోదే కాబట్టి మేస్త్రీ ముందు దానికే మీటరు పెట్టాడు. అది పోతే ఇక చేయగలిగింది లేదు. బాగుంది. పీఎల్ 504 బాగుంది, పీసీఎల్ 805 బాగుంది. తెగింది పీవై 88. లైను ట్రాన్స్‌ఫార్మరులోంచి వెనక్కి తన్నే శక్తిని వృథా పోనివ్వకుండా మళ్ళీ పనిలో పెట్టే వాల్వు అది.

"దొరకదు సామీ. ఫిలమెంటు బదులు నూరు ఓములు, పది వాట్ల రెసిస్టరు పెట్టి, పెద్ద డయోడ్లు వరసగా ఏస్తా. ఒక్కటైతే ఆ దెబ్బకు ఆగదు."

కుదరదన్నాను. కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉండాలి, లేకపోతే బాగుచేసినట్టెలా అవుతుందని వాదించాను. ఆయన నవ్వి టార్చి లోపలికి కొట్టాడు.

"ఇది సూడండి. ఈడ డీవై 87 వాల్వు ఉండాల. తీసేసి ఈ కడ్డీ డయోడు ఏసింది ఎవరనుకున్యారు? టంకం నాదే. తీగ కొన ఇట్ల వంచేది నేనొక్కణ్ణే."

ఒక్కొక్కటే చూపిస్తూ పోయాడు. ఈ కండెన్సర్లు రామాయణం నాటివి, ఆ ట్రాన్స్‌ఫార్మరు మహాభారతం నాటిది. ఈ రెసిస్టరు ఇంకేదో రేడియోలోంచి పీకింది. కంపెనీవాళ్ళు వేసిన వాటిలో మిగిలింది పెట్టె, ట్యూబు, ఇంకాస్త. నేను గట్టిదని ఊరేగించే వస్తువు లోపలంతా అతుకులే. అతుకులు పడడానికి కారణమూ అక్కడే ఉంది: ఎర్రగా కాగే వాల్వులు ఆ ఇరుకు పెట్టెలో పక్కనున్న కండెన్సర్లను ఎండబెడతాయి, టంకాలకు పగుళ్ళు తెస్తాయి. ఈ టీవీ తన వేడికి తానే చెడుతుంది. ఆదివారం పొద్దున మా అత్త మేస్త్రీకి కూడా కలిపే ఉప్మా చేసేదని ఇప్పుడు గుర్తొస్తోంది. గట్టి వస్తువుకు వారం వారం మేస్త్రీ ఎందుకు?

మర్నాడు ఆయన జేబులోంచి పాత కాగితంలో చుట్టిన పీవై 88 తీశాడు. అచ్చు సగం చెరిగింది, గాజు తేటగా ఉంది. బిగించి, కాసేపు కాగనిచ్చాడు. సెకనుకు 25 బొమ్మలు, బొమ్మకు 625 గీతలు, గుణిస్తే 15,625. లైను భాగం పనిచేస్తుంటే ఆ వేగంతోనే సన్నని ఈల వస్తుంది. ఒకప్పుడు మేస్త్రీ వాకిట్లోంచే ఆ ఈల విని జబ్బు ఎక్కడో చెప్పేవాడు. అంత సన్నని మోత మా ఇద్దరి వయసులో చెవికి ఆనదు.

"కూస్తాందేమిరా?"

"అబ్బా, కూస్తాంది తాతా" అని మనవడు చెవులు మూసుకున్నాడు.

తెర మధ్యలో అడ్డంగా ఒక్క తెల్ల గీత! మేస్త్రీ చటుక్కున బ్రైట్‌నెస్ తగ్గించాడు, లేకపోతే ట్యూబు మీద ఆ గీత శాశ్వతంగా కాలిపోతుంది. నిలువు భాగం చూసే పీసీఎల్ 805 కాళ్ళ దగ్గర టంకం చిట్లింది. మళ్ళీ పెడితే గీత విచ్చుకుని వెలుగు తెరంతా పరుచుకుంది. దూరదర్శన్ నేల మీది పాత ట్రాన్స్‌మిటర్లను కొన్ని చోట్ల తప్ప 2022 నాటికి మూసేసింది కాబట్టి, యాంటెన్నా ఎటు తిప్పినా గాలిలో ఏమీ లేదు. కేబుల్ వాళ్ళు వదిలేసిన మాడ్యులేటరును సెట్‌టాప్ బాక్సుకు తగిలించాం. వార్తలు చదివే అమ్మాయి వచ్చింది, మెడ కింద నలిగిపోయి. దాన్ని చూస్తూనే, చాసిస్ వైపు వంగనైనా వంగకుండా, "అదే వాల్వు, క్యాథోడు కండెన్సరు ఎండింది" అన్నాడు. మార్చగానే నలుగు తీరింది. జబ్బును తెర మీదే గీసి చూపే యంత్రం ఇది. నా ఇంట్లో గోడకున్న పలక టీవీ చెడిన రోజు నల్లగా ఊరుకుంది, వచ్చిన కుర్రాడు బోర్డు మార్చాలన్నాడు, అంతే.

ఇంతకీ వాల్వు ఎక్కడిదని అడిగాను.

"ఆ హోటలోళ్ళకు పెట్టె అమ్మింది నేనే సామీ. దాని ట్యూబు మెడ ఇరిగి గాలి పట్టింది. వాల్వులు, లైను ట్రాన్స్‌ఫార్మరు నేను పెట్టుకుంటి. పెట్టెకు వాళ్ళిచ్చినంత దుడ్లు నాకు ఏ రిపేరుకూ రాలేదు."

నేను ఏమనాలి? గాలి పట్టిన ట్యూబుకు ప్రాణం పోసే విద్య ఎవరికీ లేదు. ఆ సెట్టును విప్పినందుకే మా మామ సెట్టు వెలిగింది. మేస్త్రీ మామూలుగా చేసే పనే ఇది, రామాయణం రోజుల్లోనూ ఒక ఇంటి టీవీలోది మరో ఇంటి టీవీలో వేసే నడిపించాడు. కాబట్టి విప్పడాన్ని నేనిక తిట్టను. విప్పేవాడికి ఏది తీసి దాచాలో తెలిసి ఉంటే చాలు. లోపలిదంతా కిలోల లెక్కన పాత ఇనుప సామానులో వేసేవాళ్ళ మీద మాత్రం నా కోపం అలాగే ఉంది.

వెలుగుతున్నది కదా అని మామ రోజూ పెడుతున్నాడట. ఈ లెక్కన పీసీఎల్ 805 ఎక్కువ కాలం రాదని మేస్త్రీ అంటున్నాడు. పాఠకుల్లో ఎవరి అటక మీదైనా ఉంటే పత్రిక చిరునామాకు ఒక కార్డు రాయండి. గుర్తుగా దాచుకోమని మాడిపోయినవి పంపకండి, పనిచేసేదే కావాలి.