తోడునిలుచు పాత్ర

తమిళనాట ధర్మపురి ప్రాంతమున ద్రౌపదమ్మ గుళ్లయొద్ద భారతోత్సవము జరుగునప్పుడు, పగటివేళ భారత ప్రసంగి విల్లిపుత్తూరారు రచించిన తమిళ భారతమును చదివి అర్థము చెప్పగా విన్న జనమే, రాత్రి ప్రొద్దుపోయిన పిదప మొదలై తెల్లవారువరకు సాగు తెరుక్కూత్తు అను వీథినాటకములో ఆ కథనే కన్నులార చూచి, కడపట నేలపై మలచిన దుర్యోధనుని మట్టిబొమ్మ తొడమీద భీముని గద పడుటతోను, నిప్పులగుండము త్రొక్కుటతోను ఆ యేటి మొక్కు చెల్లించుకొందురు. చిత్తూరు సీమలో ధర్మరాజుల గుళ్లయొద్ద భారతములు చూచి పెరిగినవారికి ఇందులో పరాయితనమేమియు తోచదు. 2004లో కృష్ణగిరి వేరు జిల్లాగా ఏర్పడువరకు హోసూరు మొదలైన తెలుగు ప్రాంతములు ధర్మపురి జిల్లాలోనివే యగుటచే, ఈ కూత్తును తమ యింటి వేడుకగా ఎంచుకొను తెలుగు కుటుంబములు ఇచ్చట నేటికిని కలవు. ఈ రాత్రులను గూర్చి వ్రాయువారు భుజకీర్తులను, కొయ్యకిరీటములను, ద్రౌపది శపథమును, కర్ణుని మరణమును వర్ణింతురు. నేను వ్రాయదలచినది ఆ కిరీటముల ప్రక్కన కిరీటము లేక నిలుచు కట్టియక్కారుని గూర్చియు, అతడు మనకు నేర్పుచున్న తోడుపాత్ర విద్యను గూర్చియు.

మన యక్షగానములలోని కటికవానికి ఈ కట్టియక్కారుడు దగ్గరి చుట్టము. అందరికంటె ముందుగా రంగమునకు వచ్చి, నేటి రాత్రి జరుగబోవు కథ యేదో సభకు తెలిపి, నవ్వించి, నిద్రమత్తు వదలించువాడతడు. ఇరువురు పట్టుకొనిన తెర వెనుక రాజవేషము నిలిచి, పాడుచు, కిరీటపు అంచును, గజ్జెకట్టిన పాదమును కొంచెము కొంచెముగా చూపుచుండగా, తెర కీవల నిలిచి, తమరెవరు, ఏ దేశము నేలువారు, ఇచ్చటికి విచ్చేసిన కారణమేమి అని యడుగువాడును అతడే. ఆ వచ్చినవాడు దుర్యోధనుడని తల్లి యొడిలోని పిల్లవానికిని తెలియును. అయినను ఆ ప్రశ్న పడక తప్పదు. ఏలయన, అడుగనివారికి రాజు తన ప్రతాపమును తానే చాటుకొన్నచో అది డంబమగును. ఒకడు వినయముతో అడిగిన పిమ్మట చెప్పినచో అదే వంశకీర్తనమగును. నాయకుని ఘనతకు తొలి యంకురము తోడుపాత్ర యడిగిన ప్రశ్నలోనే కలదు. కూచిపూడివారి భామాకలాపమున సూత్రధారుడే మాధవియై సత్యభామను పలుకరించి, ప్రశ్నించి, కొంత యెకసెక్కెమాడి, ఆమె గర్వమును విరహమును వెలికి దీయుటయు ఈ రహస్యమెరిగియే. వేదాంతం సత్యనారాయణశర్మగారి సత్యభామను లోకము వేనోళ్ల పొగడినది. ఆ భామచేత మాటలాడించిన మాధవులకు అందులో సగము ప్రశంసయైనను దక్కియుండవలసినదని నా అభిప్రాయము.

తెర తొలగిన పిదప కట్టియక్కారుని పని రెట్టింపగును. రాజునకు మంత్రి కావలసినచో మంత్రి, వాకిట కాపరి కావలసినచో కాపరి, వార్త మోయుటకు దూత, వనమున ఎదురుపడుటకు బాటసారి, అన్నియు అతడే. రాజు పద్యములోను పాటలోను పలుకగా, ఇతడు నేటి వీథిలోని వాడుకమాటలలో పలికి, హస్తినాపురమును తెచ్చి ఊరి నడుమ నిలుపును. లోపల ఒక వేషగానికి అలంకారము పూర్తికానిచో, ఆ జాగును జనము గుర్తింపకుండ హాస్యముతో పూరించును. వచ్చిన వేషము సిద్ధమైన క్షణముననే, నోటిలోని మాటను సగములో మింగి, ప్రక్కకు తొలగును. ఈ తొలగుటయే కష్టతరమైన పని. చప్పట్లు మ్రోగుచుండగా చాలించుకొనుట ఎంతటి నిగ్రహమో రంగమెక్కినవారికే తెలియును. వెనుక నిలిచి పిన్‌పాట్టు పాడువారిదియు ఇట్టి సేవయే: భుజములమీద, రొమ్ముమీద కొయ్యయాభరణముల బరువు మోయుచు, గిరగిర తిరిగి ఆడి, పాట చరణము ముగియునప్పటికి ఊపిరి తీరిపోయిన నటునినుండి ఆ కడపటి పాదమును వారందుకొని మరల మరల పాడుటచే, అతనికి శ్వాస కూడదీసికొను వ్యవధి లభించును; వినువారికి పాట తెగినట్లే తోచదు. వస్త్రాపహరణఘట్టమున దుశ్శాసన వేషధారికి ఆవేశము వచ్చుట కలదు. అప్పుడతనిని పట్టుకొని, కర్పూరము వెలిగించి శాంతింపజేయుటయు తోడివారి పనియే.

ఇన్నింటికిని మూలమైన యోగ్యత యొక్కటి కలదు. ద్రౌపది వేషధారికి ద్రౌపది మాటలు వచ్చిన చాలును, భీమునికి భీముని మాటలు వచ్చిన చాలును. కట్టియక్కారునికి మాత్రము అందరి మాటలును రావలయును, ఎవరికెచ్చట ఊపిరి యాగునో, ఎవరెచ్చట తడబడుదురో తెలియవలయును. తోడుపాత్రను చిన్నపాత్ర యనుకొనుట మన చూపులోని లోపము. తన పాత్రను మాత్రమే యెరిగినవాడు నాయకుడు కావచ్చును. అందరి పాత్రలను ఎరుగనివాడు తోడుపాత్రకు తగడు.

ఈ సత్యమునే సముద్రముల కావల వేరొక వినోదము తనంత తాను కనుగొన్నది. 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను ఆటను మూడు చిన్న పుస్తకములుగా ప్రకటించిరి. కొందరు మిత్రులు బల్లచుట్టును కూర్చుండి, తలకొక కల్పితపాత్రను ధరించి, డంజన్ మాస్టర్ అనబడు కథకుడు వర్ణించు అరణ్యములలో, గుహలలో తమ పాత్ర యేమి చేయునో నోటితో చెప్పుచు, ఫలితము సందేహమైనచోట పాచికవేసి నిర్ణయించుకొందురు. మొదటి పుస్తకములలోనే పాత్రలు మూడు తెగలు: యోధుడు, మాంత్రికుడు, క్లెరిక్ అను దైవభక్తుడు. గాయము మాన్పు ఆ మూడవవానికి మొదటి మెట్టున మంత్రమొక్కటియు లేకుండెను. రెండవ మెట్టెక్కినగాని అతని ప్రార్థన ఫలింపకుండెను. 1976లో బార్డ్ అను గాయకపాత్ర వచ్చి చేరినది. ఇప్పుడీ యాట మన నగరములలోని యువకులకును ప్రీతిపాత్రమైనది గాని, కూర్చుండిన ప్రతి మేళమునందును ఖడ్గమునకు పోటీయే, చికిత్సకు వెనుకంజయే.

వారి వెనుకంజ అనాలోచితమని లెక్కచేసి చూపవచ్చును. 2014 నాటి నియమావళిలో బ్లెస్ అను ఆశీర్వచనము కలదు: క్లెరిక్ దానిని ముగ్గురు మిత్రులపై నిలిపినచో, వారు ఇరువదిముఖముల పాచికతో కొట్టు ప్రతి దెబ్బకును నాలుగుముఖముల పాచిక యొకటి తోడగును. దాని సగటు రెండున్నర. పెద్దపాచికపై ఒక్కొక్క అంకె నూటికి 5 పాళ్లు గనుక, మువ్వురి గురి ప్రతి విసరునందును నూటికి పన్నెండున్నర పాళ్లు మెరుగుపడును. ఆశీర్వదించిన ఆ యొక్క వంతున శత్రువుపై గీటైనను పడదు. యుద్ధము ముగిసిన పిదప లెక్కించినచో, తగిలిన దెబ్బలలో కొన్ని క్లెరిక్ కొట్టినవే. చికిత్సలోను కాలజ్ఞానమే ప్రధానము. ప్రాణాంకములు సున్నకు చేరువరకు యోధుని బలము తరుగదు. సున్నకు చేరినవాడు నేలకూలి, మూడు పాచికలు తప్పినచో మరణించును. కనుక చిన్న గాయమునకెల్ల పరుగెత్తి మంత్రము వ్యయముచేయువాడు అనుభవశూన్యుడు. కూలినవానిని, అతని వంతు వచ్చుటకు ముందే, అరువది అడుగుల దూరమునుండి హీలింగ్ వర్డ్ అను ఒక్క వాక్కుతో లేపి, మిగిలిన తన వంతును మరియొక పనికి వినియోగించువాడు నేర్పరి. హెల్ప్ అను మరియొక ఉపాయమున, తాను చేయవలసిన దానిని మానుకొని మిత్రునికి తోడుపడినచో, ఆ మిత్రుడు పాచికను రెండుమారులు వేసి పెద్దదానిని గ్రహించును. బార్డ్ తన స్ఫూర్తిపాచికను మిత్రునికిచ్చి యూరకుండును. దానినెప్పుడు వాడవలయునో మిత్రుని యిష్టము. ఇచ్చిన పిమ్మట ఇచ్చినవాని కధికారము లేదు. ఆ యాటలోని నియమములలో నాకిది మిక్కిలి ఉదాత్తముగా తోచుచున్నది.

ఇట్టి విద్యకు పరమోదాహరణము మాత్రము మన కర్ణమోక్షపు కూత్తులోనే కలదు. ఆనాటి రణరంగమున నాయకులు ఇద్దరు, సారథులు ఇద్దరు. శల్యుడు కర్ణుని రథమెక్కినది మొదలు, ధర్మరాజున కిచ్చిన మాట చొప్పున, కర్ణుని తేజోవధ చేయుచు, అర్జునుని పొగడుచు, తన వీరుని మనస్సును కృంగదీయును. తుదకు నాగాస్త్రము సంధింపబడిన క్షణమున, ఈ గురి కంఠమునకు తగులదు, సరిచేసికొమ్మని అతడు నిజమైన హితమే చెప్పెను. ఒకమారు సంధించినదానిని మరల సవరింపనని కర్ణుడు నిరాకరించెను. అది అభిమానమని కావ్యము చెప్పుచున్నది. అంతవరకు ములుకులవంటి మాటలనే విన్న చెవికి ఆ నోటనుండి వచ్చిన మేలు మేలుగా వినబడలేదని నేను తలంతును. అదే క్షణమున ఆవలి రథముపై, ఆయుధము పట్టనని ప్రతిజ్ఞ చేసిన సారథి ఆయుధము పట్టనేలేదు. రథమును భూమిలోనికి అదిమెను. బాణము కిరీటమును కొనిపోయెను, శిరస్సు దక్కెను. శత్రువును తాకకయే, నిలిచిన తావును మార్చి, మిత్రుని ప్రాణము కాపాడిన ఆ యదుముటకంటె గొప్ప తోడుపాటును నేనే యాటలోను ఎరుగను. నేర్పు శల్యునకును కొదువ లేదు. సారథ్యమున అతడు కృష్ణునికి సాటియని దుర్యోధనుడే యెంచెను. లోపించినది నేర్పు కాదు, తనవాని గెలుపును కోరు మనస్సు.

తోడుపాత్ర ఘనత ధర్మపురికి కొత్తది కాదు. ఈ ఊరు సంఘకాలపు తగడూరు, అదియమాన్ నెడుమాన్ అంజి యేలిన పట్టణము. అతని పేర అదియమాన్‌కోట నేటికిని దగ్గరనే కలదు. అతని యండను ఉండిన కవయిత్రి అవ్వైయార్ కాంచీపురపు తొండైమానునొద్దకు దూతగా పోయినప్పుడు, అతడు తన ఆయుధాగారమును చూపగా, ఇచ్చటి ఆయుధములు నెయ్యి పూయబడి, అలంకరింపబడి, కావలిలో భద్రముగా ఉన్నవనియు, తన రాజుని ఈటెలు మాత్రము మొనలు విరిగి కమ్మరి కొలిమిలో పడియున్నవనియు ఆమె చెప్పిన భావము పుఱనానూఱులో నిలిచియున్నది. పొగడ్త వంటి ఆ మాటలో, ఎవరు యుద్ధము లెరిగినవారో అతనికి తెలియజెప్పినది. దీర్ఘాయువునిచ్చు అరుదైన ఉసిరికాయ తనకు లభించినప్పుడు అదియమానుడు తాను తినక ఆమెకిచ్చెనని ప్రసిద్ధి. తోడుపాత్ర విలువను అంతగా గుర్తించిన రాజును చరిత్రలో నేను వేరొకనిని చూడలేదు.

కావున ఈ సీమలో భారతములు జరిపించు పెద్దలకు నాదొక విన్నపము. కూత్తు ముగిసిన ఉదయమున కర్ణునికి, అర్జునునికి శాలువ కప్పునప్పుడు కట్టియక్కారుని, పిన్‌పాట్టువారిని కూడ పిలిచి, వారితో సమముగా గౌరవించి, పారితోషికమున తేడా చూపకుడు. బల్లచుట్టును కూర్చుండి పాచికలతో కథలల్లు యువకులకును చెప్పవలసినది ఇదియే: క్లెరిక్ పాత్రను ఎవరును కోరనప్పుడు దానిని క్రొత్తవానిమీదికి నెట్టకుడు; మీలో ఆటను చక్కగా నేర్చినవాడు దానిని అడిగి తీసికొనవలయును. వీలైనచో అంతకుముందు ఒక రాత్రి ధర్మపురి ప్రాంతపు కూత్తుపందిటిలో, తెల్లవారువరకు, కట్టియక్కారునిపైననే దృష్టి నిలిపి కూర్చుండుడు.