ఇంటికొకటి, మనిషికొకటి

పావగడ తాలూకా కర్ణాటకలో, తుమకూరు జిల్లాలో ఉంది. మూడు వైపులా మాత్రం ఆంధ్ర. జిల్లా కేంద్రానికి పోవాలంటే వంద కిలోమీటర్ల దారి. మడకశిరకో, పెనుకొండకో, కళ్యాణదుర్గానికో అయితే పొద్దున బస్సెక్కి, పని చూసుకుని, దీపాల వేళకు ఇల్లు చేరవచ్చు. కాబట్టి సంబంధాలన్నీ అటే కలిశాయి. 1956లో భాషను బట్టి రాష్ట్రాలను సర్దినప్పుడు ఈ తాలూకా పాత మైసూరు సీమతోనే ఉండిపోయింది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. పిల్లనిచ్చిన ఊరు ఒక రాష్ట్రం, పిల్లను తెచ్చుకున్న ఊరు ఇంకో రాష్ట్రం. ఉగాది మాత్రం రెండు వైపులా ఒకే పొద్దున వస్తుంది. ఈసారి మార్చి 19, గురువారం. పరాభవ నామ సంవత్సరం.

పండగ ముందు వారం మా ఇళ్లలో సున్నాలు, అలుకుళ్లు, కొత్త గుడ్డలతో పాటు ఇంకో పని నడుస్తుంది. ఎవరిని పిలవాలి, ఎవరింటికి మనిషిని పంపాలి, ఈ సంవత్సరం ఎవరింట్లో పండగ లేదు, ఎవరితో మాట పట్టింపు ఇంకా తీరలేదు అని ఆడవాళ్లు కూర్చుని లెక్క చూసుకుంటారు. దీన్ని ఎవరూ పనిగా లెక్కపెట్టరు. బంధుత్వం దానంతటదే నిలుస్తుందని మగవాళ్లు అనుకుంటూ ఉంటారు. అది నిలిచేది ఈ లెక్క వల్లే. మా ఇంట్లో ఆ లెక్క జేజి దగ్గర ఉండేది, తర్వాత అమ్మకు వచ్చింది, ఇప్పుడు నా చేతికి వచ్చింది. చేసేకొద్దీ దీనిలోని పనితనం తెలుస్తోంది.

ఉత్తరాల కాలం సంగతి ముందు చెప్పాలి. మా మేనత్తను కళ్యాణదుర్గం వైపు ఇచ్చారు. ఆమె పావగడ తాలూకా పల్లెలో కన్నడ బడికి పోయి నాలుగో తరగతి దాకా చదివింది. మా అమ్మది రొద్దం వైపు. ఆమెకు వచ్చినవి తెలుగు అక్షరాలు. మా నాయన జీవితమంతా తెలుగే మాట్లాడాడు, రాయడానికి మాత్రం ఆయన చేతికి కన్నడ అక్షరాలే అలవాటు. ఉగాదికి నాలుగు రోజుల ముందు చెల్లెలికి కార్డు రాసేవాడు.

ఆ కార్డులు కొన్ని అత్త దాచుకుంది, నేను చూశాను. పదిహేను పైసల పోస్టుకార్డు. నాలుగు మూలలా పసుపు. పైన నడిమధ్య శ్రీకారం, కింద ఉభయ కుశలోపరి. అక్కడి నుంచి మాటంతా తెలుగు, అక్షరమంతా కన్నడం. తలకట్టు తెలుగులోలాగా టిక్కు పెట్టినట్టు పైకి లేవదు. అడ్డంగా పడుకుని, కొసన చిన్న వంకర తిరుగుతుంది. నాయన నీలం ఇంకుతో ఆ వంకరను కొంచెం సాగదీసేవాడు, దాంతో ప్రతి వరుసా గాలికి కుడివైపు వంగినట్టు కనిపిస్తుంది. కార్డు తిప్పితే చిరునామా మాత్రం తెలుగులో, గుండ్రంగా, వేరే చేతిరాతలో ఉంటుంది. అది మా అమ్మ రాత. కన్నడంలో రాస్తే అక్కడి పోస్టుమ్యాన్‌కు తెలియదు కదా. అట్లా ఒకే కార్డు మీద ఒక వైపు మొగుడి లిపి, ఇంకో వైపు పెళ్లాం లిపి సరిహద్దు దాటేవి.

తపాలా వాళ్ల లెక్కలోనూ పావగడ సంగతి వేరే. 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్లు వచ్చినప్పుడు తుమకూరు వైపు ఊళ్లు 572 వరుసలో పడ్డాయి. పావగడకు మాత్రం 561202 వచ్చింది. గౌరిబిదనూరు, బాగేపల్లి ఊళ్ల వరుస అది. జిల్లా ఒకటి, ఉత్తరం వచ్చే దారి ఇంకొకటి.

ఆ కార్డుల్లో నన్ను పట్టుకున్న విషయం వేరే ఉంది. పోస్టుకార్డు అంటే గుట్టు లేని ఉత్తరం. తెచ్చినవాడు, అరుగు మీద కూర్చున్నవాడు, ఇంట్లో అత్తామామలు, ఎవరైనా చదివేయవచ్చు. కానీ ఆ ఇంట్లో కన్నడ అక్షరాలు తెలిసింది మా అత్త ఒక్కతికే. రెండు లిపులూ అక్కచెల్లెళ్లు కాబట్టి గ, న, ద, ల లాంటివి ఎవరైనా పట్టి పట్టి గుర్తుపడతారు. క, త, శ దగ్గరకు వచ్చేసరికి ఆగిపోతారు. అందువల్ల పుట్టింటి కార్డు ఏ కవరుకూ లేనంత గుట్టుగా ఆమె చేతిలో ఉండేది. అందరి ముందూ గట్టిగా చదివేది. పండగకు రమ్మన్నారు, వానలు లేవు, ఎద్దును అమ్మారు. మధ్యలో రెండు వరుసలు నోటికి రాకుండా దాటేసేది. "నీకు అక్కడ కష్టంగా ఉంటే రాయి, నేను వచ్చి మాట్లాడతా" అని నాయన రాసిన వరుస అట్లాంటిదే. అది ఆమె కోసం, ఆ ఇంటి కోసం కాదు.

మా ఇంట్లో అమ్మదీ అదే కథ. రొద్దం నుంచి వచ్చే ఇన్‌లాండు తెలుగు అక్షరాల్లో ఉండేది. నాయనకు కూడబలుక్కుంటే కొంచెం అర్థమయ్యేది, జేజికి ఒక్క ముక్క రాదు. అమ్మ చదివి వినిపించిందే ఉత్తరం. బడి ఒక భాషా ఇల్లు ఇంకో భాషా కావడం వల్ల మా తాలూకాకు జరిగిన నష్టం గురించి చాలామంది రాశారు, నేనూ రాశాను. సొంత భాషలో సంతకం పెట్టలేకపోవడం చిన్న బాధ కాదు. కానీ ఆ రెండు లిపుల మధ్య కోడళ్లకు దొరికిన కొంచెం చోటు గురించి ఎవరూ రాయలేదు. అది చెప్పకపోతే వాళ్లకు అన్యాయం చేసినట్టే.

తర్వాత ఎస్టీడీ బూత్‌లు వచ్చాయి. పావగడ కోడు 08136. అవతల ఊరికి చేయాలంటే దాని కోడు, దాని రేటు. రాత్రి పదకొండు దాటితే పావు ఖర్చు అని బూత్ ముందు వరుసగా నిలబడేవాళ్లు. ఉగాది రాత్రి ఆ వరుస వీధి మలుపు దాకా పోయేది. లోపల మిషను మీద ఎర్ర అంకెలు పరుగెత్తుతుంటే ఎవరికైనా మాట సాగుతుందా? క్షేమమా, క్షేమమే, అంతే.

సెల్లు వచ్చాక సరిహద్దు ఇంకా దగ్గరకొచ్చి ఇబ్బంది పెట్టింది. చేను గట్టు మీద నిలబడితే కర్ణాటక టవరు, ఇంటి వెనక్కి పోతే ఆంధ్ర టవరు. కూర్చున్న చోటే రోమింగు పడి, వచ్చిన కాల్‌కు కూడా డబ్బులు పోయేవి. 2015 జూన్‌లో బీఎస్ఎన్ఎల్ రోమింగులో వచ్చే కాల్స్‌కు డబ్బులు తీసేసినప్పుడు ఢిల్లీ వాళ్లకు అది మామూలు వార్తే అయి ఉంటుంది. మాకు మాత్రం పండగే. ఎస్సెమ్మెస్సులైతే పండగ రోజు ప్యాకులో చెల్లేవి కావు, ఒక్కొక్కదానికి రేటు. పైగా తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాల్సి వచ్చేది. ఎస్సెమ్మెస్ పుట్టిందే పండగ పలకరింపుతో. 1992 డిసెంబరు 3న బ్రిటన్‌లో వెళ్లిన మొట్టమొదటి సందేశం క్రిస్మస్ శుభాకాంక్ష. పుట్టుక మంచిదే, కానీ మా అత్తకు అది ఏనాడూ పనికిరాలేదు.

ఆమెకు పనికొచ్చింది వాయిస్ మెసేజీ. వాట్సాప్‌లో అది 2013లో వచ్చింది. మా పల్లెలకు, మా పెద్దవాళ్ల చేతుల్లోకి రావడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. మైకు బొమ్మ మీద బొటనవేలు నొక్కి పట్టి మాట్లాడితే చాలు. లిపి అడ్డం తొలగిపోయింది. నాయన కన్నడ అక్షరాలు, అమ్మ తెలుగు అక్షరాలు, బెంగళూరులో పెరిగిన పిల్లల ఇంగ్లీషు అక్షరాలు, వేటితోనూ పని లేదు. "ఏం నాయనా, అందరూ బాగుండారా? బోర్లో నీళ్లు వస్తాండాయా?" అని అత్త గొంతు నేరుగా వంటింట్లోకి వస్తుంది. వెనక మేక అరుపు, గిన్నె చప్పుడు, మనవడి కొట్లాట అన్నీ కలిసి వస్తాయి. అచ్చులో ఎక్కడా కనిపించని మా పావగడ తెలుగు, సగం అనంతపురం, సగం మైసూరు సీమ, మొదటిసారి తన రూపంలోనే సరిహద్దు దాటింది.

ఇంత మేలు చేసిన దానికీ ఒక లోపం ఉంది. గొంతుకు గుట్టు లేదు. అత్త ఫోను కొడుకు చేతిలో ఉంటుంది. మెసేజీ వస్తే స్పీకరు పెట్టి ఇంటిల్లిపాదీ వింటారు. నాయన కార్డులో ఆమె నోట్లోనే దాటేసిన ఆ రెండు వరుసలకు ఇక్కడ చోటు లేదు. నేను అడిగే ప్రశ్నకు ఆమె అందరి ముందూ జవాబు చెప్పాలి. అందరి ముందూ చెప్పే జవాబు ఎప్పుడూ ఒకటే కదా, బాగుండాము అని.

అందుకని నాకు అలవాటైన పద్ధతి ఇది. ఉగాదికి ప్రతి ఇంటికీ రెండు పలకరింపులు. మొదటిది ఇంటికి. అందులో పెద్దవాళ్లను వరసపెట్టి పిలవాలి, ఒక్క పేరు తప్పినా మాట వస్తుంది. పండగ మాట, ఓళిగల మాట, వాన మాట, ఎప్పుడొస్తారు అన్న మాట అందులో సరిపోతాయి. రెండోది మనిషికి, కాస్త ఆగి, రెండు మూడు రోజుల తర్వాత. ఆ ఇంట్లో అందరికంటే తక్కువ మాట్లాడే మనిషికి. అది ఫోన్ కాల్ అయితే మేలు, పనివేళ చూసుకుని. ఒక్కటే ప్రశ్న అడగాలి, ఆ మనిషికి మాత్రమే చెందినది అడగాలి. అడిగాక నోరు మూసుకుని ఉండాలి. ఫోన్లో నిశ్శబ్దం వస్తే మనకు కంగారు పుట్టి ఇంకో మాట వేసేస్తాం. అక్కడే చాలా పలకరింపులు చెడిపోతాయి.

ఏం అడగాలి అన్నది కూడా కాలంతో మారుతుంది. పదేళ్ల కింద తిరుమణి, వల్లూరు వైపు చుట్టాలను వేరుశెనగ గురించి అడిగితే సరిపోయేది. తర్వాత అక్కడ ఐదు ఊళ్ల పొలాల్లో దాదాపు 13,000 ఎకరాల్లో సోలార్ పార్కు వచ్చింది, 2,050 మెగావాట్లది. రైతులు భూమి అమ్మలేదు, ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలయ్యే కౌలుకిచ్చారు. రెండేళ్లకోసారి ఐదు శాతం పెరుగుతుంది. ఇప్పుడు ఇంటికి పంపే మాటలో కౌలు డబ్బులు పడినాయా అని అడుగుతాం. మనిషికి పంపే మాటలో మాత్రం అది అడగను. సేద్యం వదిలిన మామను, పొద్దున లేచి ఎటు పోతాండావు మామా, అని అడుగుతాను. ఆయన చాలాసేపు చెబుతాడు. అదే ఆయన భార్యనైతే వేరే అడగాలి. భూమి ఆయన పేరున ఉంటే కౌలు ఆయన ఖాతాలోకే పోతుంది, కలుపు కూలి పోగొట్టుకున్నది ఆమె.

ఫార్వర్డు బొమ్మల గురించి ఒక మాట. మామిడాకులు, కలశం, నాలుగు వరుసల శుభాకాంక్షలు. అవి పంపేవాళ్ల మనసు మంచిదే, అనుమానం లేదు. కానీ నా అభిప్రాయం స్పష్టంగా చెబుతున్నాను, అది పలకరింపు కాదు. పేరు పెట్టి పిలవనిది, ఏమీ అడగనిది పలకరింపు ఎట్లా అవుతుంది? జపాన్ సంగతి చూడండి. అక్కడ కొత్త సంవత్సరానికి నెంగాజో అనే కార్డులు రాసుకుంటారు. డిసెంబరు 25 లోపల పోస్టు చేస్తే జనవరి 1 పొద్దునకే ఇంటికి చేర్చే ఏర్పాటుంది. 2004 పండగకు 440 కోట్లకు పైగా కార్డులు అచ్చువేశారు, 2025కు 107 కోట్లకు పడిపోయాయి. ముసలివాళ్లు చాలామంది, ఇక ముందు కార్డులు రాయలేను, మన్నించండి, అని చివరి కార్డు రాసి మరీ ఆపేస్తున్నారట. ఆపేటప్పుడు కూడా ఒక్కొక్కరికీ చెప్పి ఆపడం నాకు గొప్పగా అనిపించింది. మన దగ్గర ఎవరు ఎప్పుడు ఆగిపోయారో ఎవరికీ తెలియదు.

గొంతు ఉన్నా కాళ్లు కూడా కదలాలి. ఉగాది నెలవంకను చూశాక చిన్నవాళ్లు పెద్దల కాళ్లకు దండం పెట్టే అలవాటు మా వైపు ఉంది. అది ఫోన్లో అయ్యే పని కాదు. ఉగాది మరునాడు హొసతొడకు, కూర వండుకునే రోజు. బేవు బెల్లం, అంటే వేపా బెల్లం, ఇంట్లో వాళ్లతో తింటాం, హొసతొడకు మాత్రం చుట్టాలతో, స్నేహితులతో. సరిహద్దు అవతలి బావమరుదులు బండ్ల మీద వచ్చేది ఆ రోజే. ఏళ్ల తరబడి మాటలు లేని అన్నదమ్ములను ఎదురెదురుగా విస్తరి ముందు కూర్చోబెట్టడానికి మా జేజి ఆ రోజునే ఎంచుకునేది. మాట తర్వాత వస్తుంది, ముందు కూర్చోనీ, అనేది.

ఈ సంవత్సరం నా లెక్కలో రెండో పలకరింపు అందుకోవాల్సిన వాళ్లలో మా అత్త మనవరాలు ఒకతి ఉంది. బెంగళూరులో గార్మెంట్సులో కుట్టు పని. లైను మీద ఉన్నంతసేపు ఫోను తీయడానికి లేదు. హాస్టలు గదిలో ఎప్పుడూ పక్కన ఎవరో ఒకరుంటారు. ఆమెతో ఫోన్ కాల్ కుదరదు. ఉగాది ముందు రోజు రాత్రి మెజెస్టిక్ బస్టాండులో పావగడ బస్సెక్కి, పొద్దునకు దిగి, అక్కడి నుంచి కళ్యాణదుర్గం బస్సు పట్టుకుంటుంది. కిటికీ పక్కన సీటు దొరికితే ఆ దారంతా చెవుల్లో ఇయర్‌ఫోన్లే. కాబట్టి ఆమెకు వాయిస్ మెసేజీ బుధవారం సాయంత్రానికే పంపాలి. అడగాల్సింది ఒక్కటే. పెళ్లి సంబంధం సంగతి ఇంట్లో అందరూ ఆమెను అడుగుతారు, దాన్ని నేను అడగను. డిగ్రీ మధ్యలో ఆపేసింది కదా, మళ్లీ కట్టాలని ఉందా, ఫీజు ఎంతవుతుంది అని అడుగుతాను.