ఆకర నిర్దేశము: రాధికాసాంత్వనము నిదర్శనముగా

పుట అడుగున సన్నని అక్షరములతో అచ్చగు అధోజ్ఞాపికను పాఠకులు పెక్కుమంది చదువరు. వ్రాయువారిలోను కొందరు దానిని వ్యాసమునకు అలంకారముగనే తలంతురు. కళాశాల విద్యార్థులు సమర్పించు వ్యాసములలో ఈ భావము స్పష్టముగా కానవచ్చుచున్నది. కామాలు, బిందువులు, వాలు అక్షరములు ఉండవలసిన చోటనే యుండును. కాని చూపిన గ్రంథమున చూపిన పుట తెఱచినచో చెప్పిన మాట అచట కానరాదు. రూపమును దిద్దు అధ్యాపకులు కలరు గాని, ఆ పుట తెఱచి చూచువారు అరుదు.

ఆంధ్రదేశమునకు వెలుపల తరతరములుగా నివసించుచున్న తెలుగువారి చరిత్రకు ఈ లోపము మిక్కిలి హానికరము. వారి ఆకరములు ఒక్కచోట లేవు. తంజావూరు సరస్వతీ మహలులోని వ్రాతప్రతులు, మదరాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమందలి ప్రతులు, దేవాలయముల గోడలమీది శాసనములు, యానాము నాటి ఫ్రెంచి కాగితములు, ఇండ్లలోని పెట్టెలందు దాగిన దస్తావేజులు – ఇట్లు చెల్లాచెదరై యున్నవి. చూచినవాడు జాడ చెప్పకున్నచో తరువాతివాడు మొదటినుండి వెదకికొనవలెను. ఇంటి పెట్టెలోని కాగితమైనచో అప్పటికి అది మిగిలియుండునన్న నమ్మకమును లేదు.

నిదర్శనమునకు ఒక్క కావ్యము చాలును. తంజావూరు మరాఠా ప్రభువు ప్రతాపసింహుని (1739–1763) ఆస్థానమున ముద్దుపళని రాధికాసాంత్వనమును రచించెను. పైడిపాటి వేంకటనరసుగారు 1887లో దానిని అచ్చువేయించిరి. ఆ కూర్పున కవయిత్రి తన వంశమును, తనవారిలోని విదుషీమణులను చెప్పుకొన్న పీఠిక లేదు. కొన్ని పద్యములును లేవు. నంజనగూడున జన్మించి మైసూరు, బెంగుళూరు, మదరాసులలో పేరొందిన గాయని బెంగుళూరు నాగరత్నమ్మగారు వ్రాతప్రతిని సంపాదించి, సరిచూచి, 1910లో కావ్యమును సమగ్రముగా ప్రకటించిరి. తరువాత ప్రభుత్వము దానిని అశ్లీలమని నిషేధించెను. 1947లో నిషేధము తొలగెను. 1952లో వావిళ్ళవారు మరల ముద్రించిరి.

ఇపుడు ఒక విద్యార్థి ‘రాధికాసాంత్వనము, పుట ఇంత’ అని మాత్రము వ్రాసెననుకొందము. ఏ కూర్పున ఆ పుట? 1887 నాటి కూర్పును చదివినవాడు ‘కవయిత్రి తన్ను గూర్చి యేమియు చెప్పుకొనలేదు’ అని నిర్ణయించును. 1910 నాటి కూర్పును చదివినవాడు ఆ మాటను ఖండించును. ఇరువురును నిజాయితీపరులే, ఇరువురును చదివి వ్రాసినవారే. పరిష్కర్త విడిచిన భాగమునకు కవయిత్రి మౌనమని పేరు పెట్టుట మాత్రము ఆమెకు చేసిన అన్యాయము. సంవత్సరము, పరిష్కర్త పేరు – ఈ రెండు మాటలు అధోజ్ఞాపికలో నుండినచో ఆ వివాదమే పుట్టదు. పుటకు బదులు ఆశ్వాసమును, పద్యసంఖ్యను ఇచ్చుట మేలని పెద్దలు చెప్పుదురు. అది సాధారణముగా నిజమే. కాని పద్యములు లోపించిన కూర్పున సంఖ్యలును జరుగును గనుక కూర్పును చెప్పక తప్పదు.

ఇంతకంటె పెద్ద దోషము మఱొకటి కలదు. సూసీ థారు, కె. లలితల ఆంగ్ల సంకలనము 1991లో వెలువడిన పిదప ఈ గ్రంథచరిత్రము దేశమంతట తెలిసినది. దానిని చదివి తెలిసికొన్న విషయమునకు 1910 నాటి కూర్పును ఆకరముగా చూపువారు కలరు. చూడని గ్రంథమును చూచినట్లు చెప్పుట యది. ‘ఫలానా సంకలనమున ఉదాహృతము’ అని వ్రాసినంతమాత్రమున వ్యాసమునకు లాఘవము రాదు. పైపెచ్చు, ఆ సంకలనమున పొరపాటున్నచో అది ఎవరిదో తెలియును.

అమెరికానుండి వచ్చిన పద్ధతులు రెండు కళాశాలలలో వ్యాప్తిలోనున్నవి. మోడరన్ లాంగ్వేజ్ అసోసియేషన్ వారిది గ్రంథకర్తను, పుటను అడుగును. సైకలాజికల్ అసోసియేషన్ వారిది గ్రంథకర్తను, సంవత్సరమును అడుగును. రెండును మంచివే. చిక్కు పేర్లకడ వచ్చును. వంశనామమును ముందునకు తెచ్చి కామా పెట్టుట వారి నియమము. తెలుగున ఇంటిపేరు ముందే యున్నది. ‘విశ్వనాథ సత్యనారాయణ’ అను పేరును ‘సత్యనారాయణ, వి.’ అని తిరుగవేసినచో ఇంటిపేరు ఒక్క అక్షరమై, జ్ఞానపీఠ గ్రహీత వేలమంది సత్యనారాయణలలో కలిసిపోవును. వెలుపలి తెలుగువారికడ ఇది మఱింత జటిలము. తమిళనాట పేరుముందటి పొడి అక్షరము తరచుగా తండ్రిది. కర్ణాటకమున ఊరిదియు కావచ్చును. మహారాష్ట్రమున ఇంటిపేరు చివరకు పోవును. నాగరత్నమ్మగారి ‘బెంగుళూరు’ ఇంటిపేరు కాదు. ముద్దుపళనికి ఒక్క పేరే. ముఖపత్రమున నున్నది ఉన్నట్లు వ్రాసి తిరుగవేయకుండుటయే ఉచితము. ఇంటిపేరు ముందుండు భాషల పేర్లకు కామా వలదని మొదటి పద్ధతివారే అంగీకరించిరి.

శాసనముల విషయము క్లుప్తము. ఒకే శాసనమునకు వార్షిక నివేదికలో ఒక సంఖ్య, దక్షిణభారత శాసన సంపుటములలో వేఱొక సంఖ్య యుండును. తెలుగు శాసనముల పదవ సంపుటము (1948) అట్టిదే. రెండును ఇయ్యవలెను. శకవర్షమునకు 78 కలిపి నిశ్చింతగా నుండరాదు. శక 1500 చైత్రముతో మొదలై 1578–79లలో ప్రాకును గనుక మాసము తెలియనిచో రెండేండ్లను చూపవలెను. ఆన్‌లైనులో దొరకు ప్రతిబింబముల ముఖపత్రములు పెక్కుచోట్ల చినిగిపోయినవి. అట్టిచో ‘ముఖపత్రము లేని ప్రతి’ అనియే వ్రాయుట ధర్మము.

ఇక ఇంటి దస్తావేజులు. వీనికి అమెరికా నియమావళులలోని గడి చాలనిచో వ్యాసకర్తయే కల్పించుకొనవలెను. ఎవరి యధీనమున నున్నది (వారి అనుమతితో), ఏ యూరు, చూచిన తేది, లిపి, ఆకుల సంఖ్య, మొదటి పంక్తి, చివరి పంక్తి – ఇవి చాలును. ఆకుల సంఖ్య వ్రాసియుండినచో పదేండ్లకు పిదప ఆ యింటికి పోయినవాడు ఏ ఆకు పోయినదో లెక్కచూచికొనగలడు.