గట్టు మీది చెట్టు, దొడ్డిలోని మేక

ఉగాది దాటాక అనంతపురం జిల్లా మెట్ట పొలాల్లో పచ్చగా కనిపించేది గట్టు మీది చెట్టే. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే నేల అది. వేరుశనగ పీకి అప్పటికి నెలలు గడిచిపోతాయి. వామిలో ఉన్న కట్టె ఎద్దులకూ బర్రెలకూ చాలితే గొప్ప. బీళ్లలో గడ్డి పరక ఉండదు. సరిగ్గా ఆ రోజుల్లోనే వేప, రావి, చింత కొత్త ఆకు తొడుగుతాయి. తుమ్మకాయలు ముదిరి రాలతాయి. పైనేల ఎండి బీటలు వారినా, లోతుకు దిగిన వేళ్లకు తేమ అందుతూనే ఉంటుంది. మేకల కాపరులు ఎండాకాలాన్ని దాటేది ఈ ఆకుల అండతోనే.

గొర్రె తల వంచి మేస్తుంది, మేక తల ఎత్తి మేస్తుంది. వెనక కాళ్ల మీద నిలబడి, ముందు కాళ్లు మానుకు ఆనించి, చురుగ్గా కదిలే పై పెదవితో ముళ్ల సందుల్లోంచి ఒక్కో ఆకునూ ఏరుకుంటుంది. దానికి అందని ఎత్తులో ఉన్నదాన్ని కాపరి దోటితో అందిస్తాడు. పొడవాటి వెదురుగడ, దాని చివర బిగించిన కొడవలి, అంతే పనిముట్టు. నేర్పంతా దాన్ని ఎక్కడ ఆపాలో తెలియడంలో ఉంది. వేలి లావు మండలనే కొడతారు, పెద్ద కొమ్మ జోలికి పోరు. తలకొమ్మను వదిలేస్తారు. పైభాగంలో మూడో వంతు ఆకైనా ఉంచుతారు, లేకపోతే చెట్టు తిరిగి కోలుకోదు. ఈ ఏడు కొట్టిన చెట్టును మరుసటి ఏడు ముట్టని కాపరికి ఊళ్లో రైతులు తమ గట్ల మీదికి దారి ఇస్తారు. దొరికిన చెట్టునల్లా మోడు చేసేవాడికి ఆ మర్యాద దక్కదు.

కొట్టిన మండలను నేల మీద పారేయడం వృథా. మేక తొక్కిన ఆకునూ మట్టి అంటిన ఆకునూ ముట్టదు. అందుకే మండలను కట్టగా కట్టి, దాని తల ఎత్తుకు దొడ్డిలో వేలాడదీస్తారు. గ్లైరిసిడియా లాంటి ఘాటు వాసన ఆకును ఒక పూట వాడనిస్తే ఇష్టంగా తింటుంది. పాతిక కిలోల మేకకు రోజుకు మూడు నాలుగు కిలోల పచ్చి ఆకు కావాలి. అదీ ఒకే రకం కాకుండా, నాలుగైదు చెట్లది కలిపి వేయాలి.

ఈ కలపడం వెనక గట్టి కారణమే ఉంది. జొన్న చొప్పలో మాంసకృత్తులు నాలుగు శాతం అటూ ఇటూ ఉంటాయి. సుబాబుల్ ఆకులో ఇరవై శాతం దాటుతాయి. తొలకరికి ఈనే మేకకు ఈ తేడా ప్రాణం లాంటిది, ఎందుకంటే ఐదు నెలల చూలులో పిల్ల ఎదుగుదల ఎక్కువ భాగం చివరి నెలన్నరలోనే, అంటే నడి ఎండల్లోనే జరుగుతుంది. అయితే చెట్టు కూడా తన ఆకును కాపాడుకుంటుంది. తుమ్మ జాతి ఆకుల్లో వగరు పదార్థాలు ఎక్కువైతే తిన్న మాంసకృత్తులు ఒంటికి పట్టవు. సుబాబుల్‌లో మిమోసిన్ అనే విషపదార్థం ఉంది. అదే పనిగా మేపితే వెంట్రుకలు రాలతాయి, గొంతు దగ్గర థైరాయిడ్ గ్రంథి వాస్తుంది. ఆస్ట్రేలియా పశువులను ఈ బాధ వేధించింది. అక్కడి శాస్త్రవేత్తలు ఇండోనేసియా మేక కడుపులోని ద్రవాన్ని తమ మేకలకు ఎక్కించి, విషం విరిగిపోవడాన్ని 1980లలో నిరూపించారు. ఆ పని చేసే ఒక బాక్టీరియాకు 1992లో సినర్జిస్టిస్ జోన్సీ అని పేరు పెట్టారు. ఏమైనా సుబాబుల్‌ను మొత్తం మేతలో మూడో వంతు దాటనివ్వకపోవడమే క్షేమం. మేతకు కరువొచ్చినప్పుడు మందను జొన్నచేలోకి తోలడం ఇంకా ప్రమాదం. వానలేక గిడసబారిన జొన్న, కోసిన దుబ్బుకు వచ్చిన లేత పిలకలు తింటే నాము అనే విషం తగిలి నిమిషాల్లో జీవాలు పడిపోతాయి.

తుమ్మకాయల సంగతి వేరే చెప్పాలి. కాపరి చెట్టు కింద నిలబడి కొమ్మ ఊపితే చాలు, మంద పరుగెత్తుకొస్తుంది. రాత్రి నెమరేసేటప్పుడు గట్టి గింజలను మేకలు ఉమ్మేస్తాయి. పొద్దున దొడ్డిలో ఊడ్చి తీసిన ఆ గింజలు మామూలు వాటికంటే బాగా మొలుస్తాయి. మేసిన మేకే మళ్లీ చెట్టుకు విత్తనం ఇస్తుందన్నమాట. సర్కారు తుమ్మలో కాయలు మాత్రమే పనికొస్తాయి, ఆకును మేక ముట్టదు. ఇక దసరాకు మనం పూజించే జమ్మి, తెలంగాణ రాష్ట్ర వృక్షం, రాజస్థాన్ ఎడారి ఊళ్లలో ఎండుమేతకు ఆధారం. అక్కడ దాని ఆకును ఎండబెట్టి నిల్వ చేస్తారు. మన పల్లెల్లో ఆ అలవాటు అంతగా లేదు. నీడన ఆరబెట్టి గోతాల్లో దాచుకోవడం ఇక్కడా ఏమంత కష్టం కాదు.

అడవి పాడైందంటే ముందు మేకనే వేలెత్తి చూపుతారు. ఆ నింద పూర్తిగా అబద్ధమని నేను అనను, లేత మొక్కల్లోకి వదిలితే అది మొదలంటా కొరుకుతుంది. కానీ గట్ల మీది చెట్లను ట్రాక్టరుకు అడ్డమని కొట్టేసింది మేక కాదు. గట్టు బోడిదైతే మంద అడవి వైపు కాక ఎటు పోతుంది?

తొలకరిలో గట్టు వెంట అవిశ, సుబాబుల్, మునగ గింజలు నాటుకుని, మొక్క మనిషి ఎత్తు దాటేదాకా ముళ్లకంప దడి కట్టాలి. సుబాబుల్‌ను అప్పుడు నడుమెత్తున కోస్తే మోడు నుంచి నాలుగైదు పిలకలు లేస్తాయి. అవిశను మాత్రం అలా నరికితే చచ్చిపోతుంది; దాని పక్క రెమ్మలు విరవాలే గాని తల తీయకూడదు.